ఇరవై రెండో నంబరు

(హైదరాబాద్ కోఠీలో జరిగిన ఒక పుస్తక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక కూర్చున్నవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. సరే.

ఆదివారం సాయంత్రం, పైగా జూలై వాన. అయినా కోఠీ ట్రాఫిక్ ఈదుకుంటూ ఇంతమంది వచ్చారు, సంతోషం. ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను సాహిత్యం పాఠాలు చెప్పినదాన్ని కాదు. ముప్ఫై నాలుగేళ్లు బ్యాంకులో లెక్కలు చూసి రిటైరయ్యాను. విమర్శకురాలి ఉపన్యాసం కోసం వచ్చినవాళ్లకి సారీ. ఒక పుస్తకాన్ని మళ్లీ మళ్లీ చదివిన మనిషి చెప్పే కబుర్లు అనుకోండి.

ఆ పుస్తకం చార్లెస్ డికెన్స్ రాసిన 'ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్'. తెలుగులో తెన్నేటి సూరి గారు 'రెండు మహానగరాలు' అని అనువదించారు. నేను మొదట చదివింది తెలుగులోనే. డిగ్రీ రెండో సంవత్సరంలో చదివాను. ఎక్కడ కూర్చుని చదివానో తర్వాత చెప్తాను, ఎందుకంటే ఈ సాయంత్రం నేను చెప్పాలనుకున్నది దాంతోనే ముడిపడి ఉంది.

కథ టూకీగా. డాక్టర్ మానెట్ అని పారిస్‌లో ఒక వైద్యుడు. ఇద్దరు పెద్దింటి అన్నదమ్ములు చేసిన ఘోరం ఆయన కంటబడుతుంది. నోరు విప్పబోతే పట్టుకుపోయి బాస్టీల్ జైల్లో వేస్తారు. పద్దెనిమిదేళ్లు. 1775లో బయటికొచ్చేసరికి ఆయనకి తన పేరు కూడా గుర్తుండదు. పేరడిగితే గది నంబరు చెప్తాడు, 'నూట అయిదు, నార్త్ టవర్' అని. కూతురు లూసీ ఆయన్ని లండన్ తీసుకెళ్లి మళ్లీ మనిషిని చేస్తుంది. ఆ అమ్మాయి చార్లెస్ డార్నే అనే కుర్రాణ్ని పెళ్లి చేసుకుంటుంది. అతను ఎవరయ్యా అంటే, సరిగ్గా ఆ అన్నదమ్ముల ఇంటి వారసుడే. ఆ ఆస్తీ వద్దు, ఆ పేరూ వద్దని వదిలేసి వచ్చినవాడు. అచ్చం డార్నే పోలికలతోనే సిడ్నీ కార్టన్ అని ఒక తాగుబోతు లాయరు ఉంటాడు. అతనికీ లూసీ అంటే ప్రాణం. ఫ్రెంచి విప్లవం వస్తుంది. డార్నే పారిస్ వెళ్లి చిక్కుకుంటాడు, మరణశిక్ష పడుతుంది. కార్టన్ అతన్ని బయటికి పంపించి, అతని చోట తను గిలటిన్, అంటే తలలు నరికే యంత్రం, ఎక్కుతాడు. ఇంతే.

ఇలా చెబితే పాత సినిమా కథలా ఉంది కదా. పోలికలు, మారువేషాలు, త్యాగాలు. నిజమే, అలాగే ఉంటుంది. 1859లో ఏప్రిల్ 30 నుంచి నవంబరు 26 దాకా 31 వారాలు సీరియల్‌గా వచ్చింది. డికెన్స్ సొంతంగా ఒక వారపత్రిక మొదలుపెట్టి, మొదటి సంచికలోనే దీన్ని ఎత్తుకున్నాడు. మన ఇళ్లల్లో వారపత్రిక రాగానే ముందు సీరియల్ పేజీ తిప్పి, చివర 'సశేషం' చూసి తిట్టుకున్న తరం ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్లకి ఈ నవల నడక వెంటనే పట్టుబడుతుంది. మధ్యాహ్నం కోర్టు డార్నేని నిర్దోషి అని వదిలేస్తుంది, ఇల్లంతా సంబరం. అదే సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు, తలుపు తెరిస్తే ఎర్ర టోపీలవాళ్లు, మళ్లీ అరెస్టు. ఆ వారం లండన్‌లో ఎన్ని ఇళ్లల్లో అన్నం సహించలేదో.

కానీ నన్ను పట్టుకున్నది ఆ మలుపులు కాదు. ఒక పీపా.

సెయింట్ ఆంటొయిన్ అని పారిస్‌లో ఒక పేదల వాడ. అక్కడ ఒక సారా దుకాణం ముందు, బండిలోంచి దించుతుంటే పెద్ద వైన్ పీపా జారి రాళ్ల మీద పడి పగిలిపోతుంది. వీధి వీధంతా పని వదిలి పరిగెత్తుకొస్తుంది. కొందరు మోకాళ్ల మీద కూర్చుని దోసిళ్లతో తాగుతారు. ఆడవాళ్లు తలకి కట్టుకున్న గుడ్డలు అందులో ముంచి పసిపిల్లల నోళ్లలో పిండుతారు. ఒకడు పారిపోతున్న వైన్‌కి మట్టితో చిన్న చిన్న గట్లు కడతాడు. మేడల మీది వాళ్లు కిటికీల్లోంచి 'అదిగో అటు, ఇటు' అని దారి చూపిస్తారు. కొందరు పీపా చెక్కలు చీకుతారు. అయిపోయాక ఆ వీధి ఎంత శుభ్రంగా ఉందంటే, పాకీ పనివాళ్లు వచ్చి ఊడ్చి వెళ్లారేమో అనిపిస్తుంది. ఒక పొడుగాటి మనిషి వైన్ మడ్డిలో వేలు ముంచి గోడ మీద 'రక్తం' అని రాస్తాడు. దుకాణంవాడు వచ్చి దాని మీద ఇంత బురద పూసి చెరిపేస్తాడు.

చూడండి, ఆకలి అనే మాట మీద వ్యాసం రాయొచ్చు. ఆయన మట్టి గట్లు చూపించాడు. నేలపాలైన దానికి గట్టు కట్టుకునే మనిషిని చూశాక, ఆ తర్వాత వచ్చే విప్లవం గురించి మనకి వేరే వివరణ అక్కర్లేదు.

ఆ గోడ మీద రాసినవాడి పేరు గాస్పార్. కొన్ని అధ్యాయాల తర్వాత ఒక దొరగారి గుర్రబ్బండి ఇరుకు సందులో అడ్డూ ఆపూ లేకుండా దూసుకొచ్చి అతని బిడ్డని తొక్కేస్తుంది. దొర బండి దిగడు. 'మీరు నా గుర్రాలకి ఏం దెబ్బ తగిలించారో నాకేం తెలుసు' అంటాడు. ఒక బంగారు నాణెం బయటికి విసిరి, పోనివ్వమంటాడు. బండి కదలగానే ఆ నాణెం ఎగురుతూ వచ్చి బండిలోనే పడుతుంది. ఎవరు విసిరారని చూస్తే, అక్కడ ఒక ఆవిడ నిలబడి ఊలు అల్లుకుంటూ ఉంటుంది. ఆమె మేడం డిఫార్జ్, సారా దుకాణంవాడి భార్య.

మా నాయనమ్మది జనగామ వైపు పల్లె. ఈ నవల కథ నేను ఆమెకి చెప్పాను. డాక్టర్ మానెట్ జైల్లో రాసిన కాగితాల్లో, చచ్చిపోతున్న ఒక రైతు కుర్రాడు చెప్పే మాటలుంటాయి. దొర మిల్లులోనే గింజలు పట్టించుకోవాలి. కూలి లేకుండా పని చెయ్యాలి. దొర పెంపుడు పక్షులు చేను మేస్తుంటే చూస్తూ ఊరుకోవాలి, మనం మాత్రం ఒక్క కోడిని కూడా పెంచుకోకూడదు. ఎప్పుడన్నా ఇంత మాంసం దొరికితే తలుపులకి గడియ పెట్టుకుని భయంభయంగా తినాలి, దొర మనుషులు చూస్తే లాక్కుపోతారని. దొర నిద్ర చెడకూడదని రాత్రంతా కప్పల్ని అదిలిస్తూ బయటే ఉండాలి. ఇది చెప్తే నాయనమ్మ ఏమందో తెలుసా? 'కప్పలొక్కటే కొత్త బిడ్డా, కడమవన్నీ మాకెర్కే' అంది. (నవ్వులు) మీరు నవ్వారు కానీ ఆమె నవ్వలేదు. వెట్టి అంటే ఏమిటో, గడీ ముందునుంచి వెళ్లేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవడం అంటే ఏమిటో ఆమెకి పుస్తకంలో చదవాల్సిన పని లేదు. దొడ్డి కొమురయ్య కడవెండిలో తూటాకి కూలింది 1946 జూలై 4న. బాస్టీల్ కూలింది 1789 జూలై 14న. ఇంకో జూలై తేదీ కూడా ఉంది, దాని దగ్గరికి వస్తున్నాను.

ఈలోపు నా వృత్తి అభిమానం కొద్దీ మిస్టర్ లారీ గురించి రెండు మాటలు. ఆయన లండన్‌లో టెల్సన్ బ్యాంకు ఉద్యోగి. ఆ బ్యాంకు చీకటిగా, ఇరుగ్గా, చూడ్డానికి వికారంగా ఉంటుంది, అదే తమ గొప్ప అని వాళ్ల నమ్మకం. కుర్రాణ్ని ఉద్యోగంలో చేర్చుకుంటే, మనం మామిడికాయలు గడ్డిలో మాగేసినట్టు, ముసలివాడయ్యేదాకా ఎక్కడో దాచేసేవారట. తల పండాకే జనానికి చూపించేవారట. నేను చేరిన కొత్తలో మా బ్రాంచి గుర్తొచ్చింది, సరే వదిలేయండి. లారీ మాటకి ముందు 'నేను బిజినెస్ మనిషిని, నాకు సెంటిమెంట్లు లేవు' అంటుంటాడు. అంటూనే నవల మొత్తంలో అందరి కష్టాలూ నెత్తినేసుకుని తిరిగేది ఆయనే. ఈ నవల్లో ప్రేమ ఎక్కడుంది అని ఎవరన్నా అడిగితే నేను లూసీ, డార్నేల వైపు చూపించను. లూసీ గోడకి తగిలించిన పటం లాంటిది, దణ్ణం పెట్టుకోవడానికి బాగుంటుంది. డార్నే మంచివాడు, అంతే. ప్రేమ చూడాలంటే లారీ చేతిలో గొడ్డలి ఉన్న అధ్యాయం చదవాలి.

అదేంటంటే, జైల్లో ఉండగా పిచ్చెక్కకుండా డాక్టరు చెప్పులు కుట్టడం నేర్చుకుంటాడు. బయటికొచ్చాక కూడా ఆ బల్ల, ఆ ఆరె, ఆ తోళ్లు ఇంట్లోనే ఉంటాయి. పెళ్లిరోజు పొద్దున డార్నే తన అసలు ఇంటిపేరు ఆయనకి చెప్తాడు. ఆయన పెళ్లి చేసి, నవ్వుతూ కూతుర్ని సాగనంపి, లోపలికెళ్లి బల్ల ముందు కూర్చుని మళ్లీ చెప్పులు కుట్టడం మొదలుపెడతాడు. ఎవర్నీ గుర్తుపట్టడు. తొమ్మిది రోజులు. లారీ బ్యాంకుకి సెలవు పెట్టి, అదీ జీవితంలో మొదటిసారి, కిటికీ దగ్గర కూర్చుని కాపలా కాస్తాడు. పదో రోజు ఆయన మామూలు మనిషవుతాడు. అప్పుడు లారీ ఎంత నాజూకుగా మాట్లాడతాడంటే, 'నా స్నేహితుడొకాయనకి ఇలా అయింది, వైద్యులుగా మీ సలహా కావాలి' అని మొదలుపెట్టి, ఆయన జబ్బు గురించి ఆయన్నే అడుగుతాడు. ఆ పనిముట్లు దగ్గర ఉంచుకోవడం మంచిదా అంటే, డాక్టరు చాలాసేపు కాళ్లు నేలకి కొట్టుకుంటూ తటపటాయిస్తాడు. చివరికి, తీసేయండి, కానీ అతను ఊళ్లో లేనప్పుడు తీసెయ్యండి అంటాడు. తన గురించే.

ఆయన ఊరెళ్లిన రాత్రి లారీ గొడ్డలీ రంపమూ పట్టుకుని వస్తాడు. లూసీని పెంచిన మిస్ ప్రాస్ కొవ్వొత్తి పట్టుకుంటుంది. తలుపులు మూసుకుని బల్లని ముక్కలు ముక్కలు చేసి పొయ్యిలో కాలుస్తారు, తోళ్లూ పనిముట్లూ తోటలో పాతిపెడతారు. మంచి పనే చేస్తున్నారు, కానీ ఇద్దరి మొహాల్లోనూ హత్య చేస్తున్న కళ. ఇంట్లో మతిమరుపు వచ్చిన పెద్దవాళ్లున్నవాళ్లకి, వాళ్లకి తెలియకుండా బండి తాళాలు దాచినవాళ్లకి, ఈ సీను నేను విడమరచి చెప్పనక్కర్లేదు. తర్వాత పారిస్‌లో, అల్లుణ్ని కాపాడలేకపోయిన రాత్రి, డాక్టరు వచ్చి దిక్కులు చూస్తూ అడుగుతాడు, 'నా బల్ల ఏది? టైం లేదు, ఆ చెప్పులు పూర్తి చెయ్యాలి' అని. బల్ల కాలిపోయి ఎన్నేళ్లో అయింది. లారీ ఏం చెప్తాడు!

ఇప్పుడు మేడం డిఫార్జ్ దగ్గరికి. ఆవిడా లెక్కల మనిషే. తను అల్లే ఊలులో, తనకే తెలిసిన గుర్తులతో, చావాల్సినవాళ్ల పేర్లు ఎక్కిస్తుంది. ఆ రిజిస్టర్లోంచి ఒక్క అక్షరం చెరపడం కంటే ఒక పిరికివాడు తనని తాను భూమ్మీద లేకుండా చేసుకోవడం తేలిక అంటాడు ఆమె మొగుడు. మా లెడ్జర్లలో కూడా కొట్టివేతలుండేవి, ఈమె దాంట్లో ఉండవు. దొరతనం పోయింది, ఇక చాలుగా, ఆ డాక్టరు కూతుర్ని కూడానా అంటే ఆమె జవాబు, 'ఎక్కడ ఆగాలో గాలికీ నిప్పుకీ చెప్పు, నాకు చెప్పకు'. చాలామంది ఆమెని రాక్షసి అని దాటేస్తారు. నాకు ఒప్పుదల కాదు. ఆ అన్నదమ్ములు చంపింది ఆమె అక్కని, అన్నని. ఆ కప్పల గురించి చెప్పిన కుర్రాడు ఆమె అన్నే. డికెన్స్ ఈ సంగతి చాలా చివర్లో చెప్తాడు. అప్పటిదాకా ఆమెని అసహ్యించుకున్నందుకు మనకే కాస్త సిగ్గేస్తుంది.

డార్నేకి చావు తెచ్చింది ఎవరనుకుంటున్నారు? మేడం డిఫార్జ్ కాదు. కోర్టులో చదివిన సాక్ష్యం డాక్టర్ మానెట్ రాసిందే. జైలు గదిలో, మసీ నెత్తురూ కలిపి, తుప్పుపట్టిన మేకుతో రాసి పొగగొట్టంలో దాచిన కాగితాలు. బాస్టీల్ కూలినరోజు డిఫార్జ్ వాటిని వెతికి తీశాడు. అందులో ఆఖరి మాట, ఆ వంశంలో కడపటి మనిషి దాకా అందరినీ నేను నేరస్తులుగా నిలబెడుతున్నాను అని. ఆ కడపటి మనిషి తన కూతురి మొగుడవుతాడని ఆయనకేం తెలుసు.

ఇక్కడ నేను మిమ్మల్ని కాసేపు ఈ హాల్లోంచి బయటికి తీసుకెళ్లాలి. ఎంతో దూరం కాదు. రోడ్డు దాటితే ఒకప్పటి ఉమెన్స్ కాలేజీ, ఇప్పుడది మహిళా విశ్వవిద్యాలయం. అదే పాత బ్రిటిష్ రెసిడెన్సీ, నిజాం కాలంలో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి ఉండే భవనం. నేను చదివింది అక్కడే. ముందు పెద్ద మెట్లు, అటూ ఇటూ రెండు రాతి సింహాలు. మధ్యాహ్నం క్లాసు లేనప్పుడు ఒక సింహం నీడలో కూర్చుని ఈ నవల చదివాను. బాస్టీల్ మీదికి జనం ఎగబడే అధ్యాయం చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నేను కూర్చున్న ఆవరణ మీదికే అలా జనం ఎగబడ్డ రోజొకటి ఉందని అప్పుడు నాకు తెలియదు.

1857 జూలై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజు అయ్యాక, తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడుస్తుంటే రోహిల్లాలూ పట్నం జనమూ ఈ కోఠీకొచ్చారు. రెసిడెన్సీ వాళ్ల చేతిలో ఖైదీగా ఉన్న జమేదార్ చీదా ఖాన్‌ని విడిపించాలని. నిజాం దివాను సాలార్ జంగ్ రెసిడెన్సీకి ముందే కబురు పంపాడు, లోపల ఫిరంగులు సిద్ధంగా ఉన్నాయి. పుత్లీబౌలీ వైపు సాహుకార్ల ఇళ్లల్లో చేరి రాత్రంతా పోరాడారు, తెల్లారేసరికి చెదిరిపోయారు. మౌల్వీని అండమాన్ పంపించారు. తుర్రెబాజ్ ఖాన్ జైలు తప్పించుకున్నాడు గానీ, 1859 జనవరిలో తూప్రాన్ దగ్గర చంపేశారు. శవాన్ని తెచ్చి ఇక్కడే, ఈ కోఠీలోనే, అందరూ చూసేలా వేలాడదీశారు.

1859 జనవరి. ఏప్రిల్లో లండన్‌లో ఈ సీరియల్ మొదటి భాగం అచ్చయింది. అందులో దొరని చంపిన గాస్పార్‌ని నలభై అడుగుల ఎత్తున ఊరి నీళ్ల దగ్గర ఉరితీసి, శవాన్ని అలాగే వదిలేస్తారు, ఊరు నీళ్లు తాగడానికి భయపడేలా. డికెన్స్‌కి కోఠీ అనే చోటు ఉందని కూడా తెలిసి ఉండదు. రెండిటికీ ముడి పెట్టడం లేదు.

కానీ 1857 తిరుగుబాటు ఆయనకి తెలుసు. కొడుకు వాల్టర్ ఆ ఏడాదే సైన్యంలో చేరి ఇండియాకి వచ్చాడు, 1863 ఆఖరి రోజున కలకత్తాలో చనిపోయాడు. 1857 అక్టోబరులో డికెన్స్ తన స్నేహితురాలు ఏంజెలా బర్డెట్ కూట్స్‌కి ఒక ఉత్తరం రాశాడు. నేనే గనక ఇండియాలో సర్వసేనాధిపతినైతే, ఈ దారుణాలకు కారణమైన జాతిని తుడిచిపెట్టడానికి చేతనైనంతా చేస్తానని. కోపంలో రాశాడనీ, కొడుకు గురించి బెంగతో రాశాడనీ, లండన్ పేపర్లలో వచ్చిన వార్తలు అలా ఉన్నాయనీ చెప్పొచ్చు. అన్నీ నిజమే. ఆ ఉత్తరం మొదటిసారి చదివినరోజు నేను ఈ పుస్తకాన్ని అలమారలో వెనక్కి తోసేశాను. చాలాకాలం తియ్యలేదు. మట్టి గట్లు కట్టుకునే మనిషిని చూడగలిగినవాడికి మనం కనపడలేదా అని.

మళ్లీ తీసింది రిటైరయ్యాక. ఈసారి డాక్టర్ మానెట్ కాగితాల దగ్గర ఆగిపోయాను. కడపటి మనిషి దాకా. జాతిని తుడిచిపెట్టడం. రెండేళ్ల తేడాతో ఒకే చేయి రాసిన రెండు కాగితాలు. నవల్లోని కాగితం ఎక్కడో పొగగొట్టంలో దాక్కుని, ఏళ్లు గడిచాక బయటికొచ్చి, రాసినవాడి కూతురి తలుపే తడుతుంది. డికెన్స్ తన ఉత్తరాన్ని తలుచుకుని ఇది రాశాడని నేననను. మనుషులు ఉత్తరాల్లో ఒకలా, కథల్లో ఇంకోలా ఉంటారు. ఆయన కథ ఆయనకంటే ఎక్కువ తెలిసినది, అంతవరకే అంటాను. ఆ ఉత్తరాన్ని మాఫీ చెయ్యమని అడగడం లేదు. బ్యాంకులో మాఫీలు ఎంత కష్టమో నాకు తెలుసు.

టైం అయిందని అధ్యక్షులవారు వాచీ చూపిస్తున్నారు. ఒక్క మనిషి మిగిలింది, చెప్పి దిగిపోతాను.

కార్టన్ త్యాగం గురించి అందరూ చెప్తారు, ఆ ఆఖరి వాక్యాలు స్కూల్లో బట్టీ పట్టినవాళ్లూ ఉన్నారు. నాకు గుర్తుండేది అతని పక్కనున్న అమ్మాయి. కుట్టుపని చేసుకుని బతికే పిల్ల. పేరు కూడా లేదు. కుట్ర చేసిందని పట్టుకొచ్చారు. బక్కపల్చటి ఆ పిల్ల ఏం కుట్ర చేస్తుంది, ఎవరు చేర్చుకుంటారు అని ఆమే అడుగుతుంది. ఆమెకి డార్నే ముఖం తెలుసు. దగ్గరికొచ్చి చూసి, అతను కాదని పట్టేస్తుంది. గట్టిగా అనదు. 'ఆయన కోసం చచ్చిపోతున్నావా? అయితే నీ ధైర్యమున్న చెయ్యి నన్ను పట్టుకోనిస్తావా?' అంటుంది.

నా చావు వల్ల మాలాంటి పేదోళ్లకి మంచి జరుగుతుందంటే చావడానికి నాకు అభ్యంతరం లేదు, అదెలా జరుగుతుందో మాత్రం నాకు అర్థం కావడం లేదు అంటుంది. ఈ విప్లవం ఎవరికోసం వచ్చిందో ఆ పిల్ల కోసమే వచ్చింది. ఆమెకి ఒక చుట్టం పిల్ల ఉంది, తనకంటే అయిదేళ్లు చిన్నది, తల్లీతండ్రీ లేనిది, దక్షిణాన ఎక్కడో ఒక రైతు ఇంట్లో ఉంటుంది. తను చనిపోతున్నట్టు దానికి తెలియదు, ఉత్తరం రాద్దామంటే తనకి రాయడం రాదు. బండిలో కూర్చుని ఆమెకి ఒకటే ఆలోచన. నిజంగానే పేదోళ్లకి మంచి జరిగి, ఆకలి తగ్గితే, ఆ పిల్ల చాలాకాలం బతుకుతుంది కదా. ముసలిదయ్యేదాకా బతకొచ్చు కదా. అప్పటిదాకా నేను పైన దానికోసం ఎదురుచూడాలి, ఆ ఎదురుచూపు చాలా పెద్దగా ఉంటుందా అని అడుగుతుంది. అక్కడ కాలమే ఉండదమ్మా అంటాడు కార్టన్.

గిలటిన్ ముందు వరసలో ఆడవాళ్లు కుర్చీలేసుకుని ఊలు అల్లుకుంటూ తలలు లెక్కపెడుతుంటారు. మేడం డిఫార్జ్ కుర్చీ ఒక్కటే ఖాళీ. ఆమె స్నేహితురాలు కుర్చీ మీదికెక్కి 'థెరీజ్, థెరీజ్' అని పిలుస్తుంటుంది. థెరీజ్ రాదు. అల్లే చేతులు ఆగవు. ఆ పిల్ల వెళ్తుంది. ఇరవై రెండు అంటారు. అతను వెళ్తాడు. ఇరవై మూడు.

థాంక్యూ అండీ.